పదిహేడు ప్రాజెక్టులు, ఒక జత సాక్సులు

"నువ్వు లేస్తే గానీ ఈ ఇల్లు లేవదమ్మా" అని అత్తగారు పదకొండేళ్ళుగా అంటున్న మాటను ఆమె మెచ్చుకోలనే అనుకుంది. గీజరు వేసేదీ, పాలు కాచేదీ, మామగారి కళ్ళజోడు వెతికేదీ, కూతుర్ని మూడుసార్లు, మొగుణ్ణి నాలుగుసార్లు లేపేదీ ఆమే. ఇంట్లో ఆమె పేరు అలారమ్మ. మామగారు పెట్టారు, ప్రేమగానే.

ఆఫీసులోనూ ఆమెది లేపే ఉద్యోగమే. సెలవు చీటీ, గేటు పాసు, కొనుగోలు కాగితం లాంటివి ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వాటంతటవే వెళ్ళే ఏర్పాటు సర్వర్‌లో ఉంది. ఒక్కో పనికి ఒక్కో ప్రాజెక్టు, మొత్తం పదిహేడు. రోజూ తెల్లవారుజామున సర్వర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది గానీ, ప్రాజెక్టులు మాత్రం ఎవరో ఒకరు తెరిచేదాకా ముసుగుతన్ని పడుకుంటాయి. ఎనిమిదింటికి అందరూ ఒక్కసారే తెరిస్తే సర్వర్ చతికిలబడుతుంది. అందుకని ఆమె ఏడింటికే వెళ్ళి ఒక్కొక్కదాన్నే తెరిచి కూర్చునేది. ఆ గంట ఏ హాజరుపట్టీలోనూ ఉండదు. "నీది మంచి చెయ్యమ్మా" అనేవాడు మేనేజరు.

నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికెలా తెల్లారుతుందని వెనకటికో ముసలమ్మ అందట. ఇక్కడ ఆ మాట ముసలమ్మ అనలేదు. ఊరే అంటోంది.

రెండు వీధుల అవతల ఈతకొలనులో సోమవారం నుంచి ఆడవాళ్ళకు క్లాసులని బోర్డు పెట్టారు, పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా. నీళ్ళమీద వెల్లకిలా తేలాలని ఆమెకు చిన్నప్పటి కోరిక. ఇంట్లో చెబితే, "సంసారం ఈదుతున్నావుగా, మళ్ళీ వేరే ఈతెందుకు?" అన్నాడు మొగుడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గిన్నెలు కడిగేటప్పుడు గానీ కోపం రాలేదు, అదీ తను నవ్వినందుకు.

మర్నాడే మేనేజరుని అడిగింది. "సర్వర్ లేవగానే ప్రాజెక్టులు కూడా వాటంతటవే లేచేలా పెట్టొచ్చు సార్."

"నువ్వున్నావుగా, ఇప్పుడా సెట్టింగులన్నీ ఎందుకమ్మా?"

"నేను సోమవారం నుంచి ఎనిమిదింటికి వస్తాను. అందుకు."

గురువారం మధ్యాహ్నం కూర్చుంది. సర్వర్ సెట్టింగుల్లో స్టార్టప్ దగ్గర 'మాన్యువల్' తీసేసి 'ఆటోమేటిక్' పెట్టింది. ముందుగా లోడ్ కావలసిన ప్రాజెక్టుల జాబితా రాసింది. సర్వర్‌ని ఆపి మళ్ళీ వేస్తే సెలవుల ప్రాజెక్టు లేచినట్టే లేచి పడిపోయింది. దానికి ముందు సిబ్బంది పేర్ల ప్రాజెక్టు లేవాలి మరి. వరస మార్చింది. ఇక తెల్లవారుజామున దానంతటదే జరుగుతుందో లేదో చూడాలి. శుక్రవారం ఏడింటికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, బ్యాగు పక్కన పెట్టి, ఏమీ ఆలోచించకుండా మొదటి ప్రాజెక్టు తెరిచేసింది. రెండోదీ తెరిచింది. ఆరోదాని దగ్గర గుర్తొచ్చింది, పరీక్షంటే తను ముట్టుకోకుండా ఉండడమని. ఏవి వాటంతటవి లేచాయో, ఏవి తన చెయ్యి తగిలి లేచాయో ఇక తేలదు. తన చేతిని తనే తిట్టుకుని, చివరికి పకపకా నవ్వింది. తను అక్కడుంటే ఈ పరీక్ష ఎన్నటికీ జరగదు.

ఆదివారం సాయంత్రం ఇంట్లో చెప్పింది. "రేపట్నుంచి ఆరింటికే బయల్దేరతాను. అలారం గడియారాలు ఎవరి మంచం పక్కన వాళ్ళకి పెట్టాను."

"మరి టిఫినో?" అన్నాడు మొగుడు.

"స్టవ్ ఎక్కడికీ పోదు, ఇంట్లోనే ఉంటుంది."

"నాకు వంటొచ్చుగా, వెళ్ళనీరా" అంది అత్తగారు. కొడుకు తల్లివంక చూశాడు. "నువ్వు కూర్చో. టిఫిన్ వాడు చేస్తాడు" అన్నారు మామగారు ఆవిడతో, పేపర్లోంచి తల ఎత్తకుండా.

సోమవారం ముక్కులోకీ చెవుల్లోకీ నీళ్ళు పోయాయి. కొలను టీచరమ్మ వీపు కింద చెయ్యి పెట్టి, తర్వాత చెప్పకుండా తీసేసింది. ఆమె నాలుగు క్షణాలు తేలింది. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఏడున్నరకు తడిజుట్టుతో ఫోన్ తీసింది. ముందు సర్వర్ పేజీ చూసింది. పదిహేడూ పచ్చగా ఉన్నాయి, తెల్లవారుజామున ఐదూ ఇరవైకే లేచాయి. తర్వాత మొగుడి మెసేజీలు.

ఆరూ నలభై: "పాప సాక్సులు ఎక్కడ?"

ఆరూ నలభై మూడు: "ఫోన్ ఎత్తవేం? సాక్సులు?"

చెయ్యి అలవాటుగా 'బీరువా రెండో సొరుగు' అని టైపు చేస్తోంది. అప్పుడు కనిపించింది మూడోది, ఆరూ నలభై తొమ్మిది: "దొరికాయి."

పదకొండేళ్ళుగా సాక్సులు ఆ సొరుగులోనే ఉన్నాయి. ఆయన కళ్ళు ఆయన దగ్గరే ఉన్నాయి.

రాసిందంతా చెరిపేసింది. కొలను కౌంటరు దగ్గర గుమాస్తా పుస్తకం తిరగేస్తూ అడిగాడు. "ఫీజు ఒక నెలకే అన్నారు కదమ్మా?"

"కాదు, ఏడాదికి రాయండి" అంది.