పద్దెనిమిదో పేజీ, కింది మూల

ఉక్కుభుజాన్ని మేం సోమవారం చంపాం. గురువారానికల్లా ఊరంతా అదే గోల. ఇరవై రెండేళ్లుగా మా బొమ్మల కథల పుస్తకంలో వాణ్ని గీస్తున్నది నేనే కాబట్టి వాడి చావు కూడా నా చేతిమీదుగానే జరిగింది. నిజం చెప్పొద్దూ, పీడ విరగడైందనుకున్నాను. వీపున వేలాడే ఆ దుప్పటికి మడతలు గీసీ గీసీ నా మణికట్టు పడిపోయింది. ఎగిరేవాడికి దుప్పటెందుకో ఇప్పటికీ నాకు తెలీదు.

కథ రాసింది మా తమ్ముడు. నాసిరకం సిమెంటుతో కట్టిన వంతెన కూలుతుంటే ఉక్కుభుజం దాన్ని వీపుమీద మోసి, బస్సులన్నీ దాటాక దాని కిందే నలిగి చచ్చిపోతాడు. పుస్తకం అచ్చేసేది మా అక్కమొగుడు, అంటే మా బావ. ఆ గురువారమే నాలుగింటికి టీవీ విలేకరి వస్తానంది. హీరోని చంపింది ప్రభుత్వాన్ని తిట్టడానికా, పుస్తకాలు అమ్ముకోవడానికా అని అడుగుతుందట. ఏం చెప్పాలా అని బావా బావమరుదులిద్దరూ పొద్దున్నుంచీ జుట్లు పట్టుకుంటున్నారు.

"ఇది రాజకీయం బావా! ఒకడు వీపు ఆనిస్తేగాని నిలబడని వంతెన కట్టిందెవడని అడుగుతున్నా."

"అడుగు నాయనా, ఎవడొద్దన్నాడు? ముందు అట్టమీద నెత్తురు బాగా కనబడేలా పుస్తకం పట్టుకుని ఫొటో దిగు."

మూడున్నరకే ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మా పుస్తకాన్ని చుట్టచుట్టి చేత్తో పట్టుకుంది. విలేకరే అనుకుని బావ కుర్చీ తుడిచి మరీ వేశాడు. పాఠకుల అభిమానం గురించి ఆయన, కుళ్లిన వ్యవస్థ గురించి తమ్ముడు, ఒకరి నోట్లోంచి ఒకరు మాట లాక్కుంటూ పావుగంట దంచారు. ఆవిడ ఓపిగ్గా అంతా వింది.

"నేను టీవీ మనిషిని కాదండీ," అని పుస్తకం విప్పింది. పద్దెనిమిదో పేజీ. కింది మూల వేలు పెట్టింది. "ఈయన మా ఆయన."

నేను లేచి వెళ్లి వంగి చూశాను.

మా పనిలో ఒక అలవాటుంది. గుంపుని గీయాల్సొస్తే, పాత పేపర్లలోంచి కత్తిరించి దాచుకున్న ఫొటోల ఫైలు తీస్తాం. హీరో ముఖం కోసం నెలలు కొట్టుకుంటాం గానీ జనాన్ని మాత్రం పేపర్లోంచి దించేస్తాం. ఆ వారం టైము లేదు. రెండేళ్ల కిందట నిజంగా కూలిన వంతెన ఫొటో భూతద్దం కింద పెట్టుకుని, శిథిలాల్లో పడున్నవాళ్లని ఉన్నది ఉన్నట్టు దించేశాను. వాళ్లకి పేర్లుంటాయని, పెళ్లాలుంటారని నాకు తట్టనేలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"బోర్లా పడున్నాడు కదమ్మా, ఎలా గుర్తుపట్టావు?" అన్నాను.

"చొక్కా భుజం మీద అతుకు. నేనే వేశాను, వంకరగా వచ్చింది. మీరూ వంకరగానే గీశారు."

కోర్టు నోటీసు కళ్లముందు కనబడిందేమో, బావ పుస్తకం మూసెయ్యబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. "పోట్లాటకి రాలేదండీ. పేపర్లో ఫొటో వేలెడంత వేశారు, పక్కన పదకొండు మంది అని అంకె వేశారు. ఈయన్ని మళ్లీ ఇంత పెద్దగా చూసింది మీ పుస్తకంలోనే."

అప్పుడే ఆవిడ చూపు గోడకి తగిలించిన వచ్చే సంచిక అట్ట బొమ్మ మీద పడింది. అందులో ఉక్కుభుజం రాళ్లు చీల్చుకుని లేస్తున్నాడు. మేం అట్టలు మూడు నెలల ముందే మొదలుపెడతాం. వాణ్ని చంపకముందే తిరిగి బతికించామన్నమాట.

"మీ హీరో బతికొస్తాడా?"

"పాఠకులు ఊరుకోరు కదమ్మా," అన్నాడు బావ.

"అయితే మా ఆయన్ని కూడా లేపండి."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అలా కుదరదండీ. వాడికి శక్తులున్నాయి. కథకో లాజిక్కుంటుంది..."

"వంతెన కింద పడ్డవాడు లేస్తాడని రాసింది మీరే కదా బాబూ? ఇద్దరూ ఒకే వంతెన కింద పడ్డారు. ఒక్కడే లేస్తే ఎలా?"

 ఇంతలో బయట కారాగింది. విలేకరి వచ్చేసింది. బావ ముఖం చింకి చేటంతయింది. "అమ్మా, ఈ మాటే కెమెరా ముందు ఒక్కసారి చెప్పావంటేనా..."

ఆవిడ పుస్తకాన్ని గుండెలకి అదుముకుంది. "నేనొచ్చింది ఆయన కోసమండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. "బావా, సిగ్గూ శరం ఏమైనా ఉన్నాయా? నడు బయటికి. ఒరేయ్, నువ్వూ నడు. రాజకీయమో పబ్లిసిటీయో అక్కడ తేల్చుకు చావండి!" ఇద్దర్నీ గెంటి గడియ పెట్టాను.

"తప్పు నాదమ్మా. ఎవర్నీ అడక్కుండా గీసేశాను," అన్నాను. గోడ మీది అట్ట దించి బల్లమీద పరుస్తుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడవకండి, బొమ్మ తడుస్తుంది," అంది ఆవిడ.

అట్ట ఇంకా పూర్తికాలేదు. పైన హీరోకి రంగులయ్యాయి గానీ కింద గుంపు ఇంకా పెన్సిల్లోనే ఉంది. ముందు వరసలో కాస్త చోటు చేసి, ముఖం ఎలా ఉంటుందో చెప్పమన్నాను.

"అందగాడేం కాదు. చెవులు ఇంకా పెద్దవి. ఇంకా. ఆ, అంత. జుట్టు అంత లేదండీ, పోయినవాడని మొహమాటపడకండి."

ఏడుపులోనే నవ్వొచ్చింది. తలుపవతల ప్రజాస్వామ్యం అంటూ తమ్ముడి గొంతు, సంచికలు అయిపోవస్తున్నాయంటూ బావ గొంతు వినబడుతున్నాయి. నేను చొక్కా గీశాను, భుజం మీద అతుకేశాను. మనిషి నిలబడ్డాడు. ఆవిడ వంగి చూసి ముఖం చిట్లించింది.

"అటెందుకు చూస్తున్నాడు?"

"హీరో లేస్తున్నాడు కదమ్మా, అందరూ వాణ్నే చూస్తున్నారు. ఒక్కడు వేరేవైపు చూస్తే బొమ్మ పాడైపోతుంది."

"పాడైతే కానివ్వండి. ఆయన ఇటు చూడాలి."

"ఇటంటే ఎటు?"

"పుస్తకం పట్టుకునేదాన్ని నేను కదా," అంది. "నేనుండేది ఇటే."

రబ్బరు తీసుకుని ఆయన మెడ చెరిపి, ఇటు తిప్పాను.