పెద్దాయన పేరు ముందున్న పేపరు

తిరుపతిలోని ఆ విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర శాఖలో ఒక ఆచారం ఉంది. పేపరు ఎవరు రాసినా మొదటి పేరు శాఖాధిపతి సుందరరాజుదే. పెళ్లి ఎవరిదైనా పత్రికలో ఊరి పెద్దాయన పేరు పైన వేయించినట్టన్నమాట. ఆ పెద్దాయన కనీసం భోజనానికైనా వస్తాడు, ఈయన పేపరు చదవనైనా చదవడు.

ధరణి ఆరు పేపర్లు రాసింది. పులికాట్ సరస్సులో పడవలెక్కి తిరిగి, ఎండకు నల్లబడి రాసినవి. ఆరింటిలోనూ ఆమెది రెండో పేరే. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న మనిషికి ఇన్నాళ్లకు పర్మనెంటు ఉద్యోగానికి ప్రకటన పడింది. దానికి మొదటి పేరు తనదైన పేపరు ఒక్కటైనా ఉండాలన్నారు. దరఖాస్తుకు గడువు ఆ వారంతో సరి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట ఈమె కోసమే పుట్టినట్టుంది.

ఆ వారమే శాఖలో అందరికీ శిక్షణ పెట్టారు. పరిశోధనను అంకెలతో తూచేటప్పుడు న్యాయంగా తూచడమెట్లాగో నేర్పుతారట. నేర్పడానికి సూళ్లూరుపేట నుంచి కృపారాణి వచ్చింది. సుందరరాజు ముందు వరుసలో కూర్చున్నాడు. తమ పేపర్లలో ఆయన పేపర్లను పేర్కొన్నవాళ్ల లెక్క రెండు వేలు దాటింది. అందులో సగం చదివింపులే. నా పేపరును నువ్వు తలుచుకో, నీది అచ్చయినప్పుడు నేను తలుచుకుంటాను.

కృపారాణి అందరికీ ఒకే పేపరు పంచింది. రాసినవాళ్ల పేర్లు, అచ్చేసిన పత్రిక పేరు, ఎందరు పేర్కొన్నారన్న అంకెలు అన్నీ కొట్టేసి ఉన్నాయి.

"చదివి, దీని విలువెంతో చెప్పండి" అంది.

మొదటి వాక్యానికే ధరణి గుర్తుపట్టింది. అది తనదే. సముద్రపు నీళ్లు లోపలికొచ్చే మొగ ఇసుకతో పూడితే సరస్సులో రొయ్య ఎందుకు ఎదగదో, వలలు వేసేవాళ్లను అడిగి, నీళ్లు పరీక్షించి రాసింది.

సుందరరాజు రెండు పేజీలు తిప్పి పెదవి విరిచాడు. "ఇది పరిశోధన ఎట్లయితాదమ్మా? రేవులో కూర్చోని కబుర్లు రాసుకున్నట్టుండాది. ఇది రాసినోళ్లకి రొయ్యంటే యేందో తెలీదు. నా శాఖలో అయితే గడప తొక్కనియ్యను."

వెనక వరుసలో కిసుక్కుమన్నారు. ధరణికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

కృపారాణి తెర మీద పేర్లు చూపించింది. మొదటి పేరు సుందరరాజు. రెండోది ధరణి.

సుందరరాజు దగ్గి, నీళ్లు తాగి, పరువు కాపాడుకునే తొందరలో నోరు జారాడు.

"దీంట్లో నాదేం లేదమ్మా. అంతా ఈ ధరణి చేసిందే. నేను ఒక్క అక్షరం గూడా రాయలా."

"రాయనప్పుడు మీ పేరుండకూడదు గదా సార్" అంది కృపారాణి. "ఆ మాటే రాసియ్యండి, పత్రికవాళ్లకి పంపి తీయించేద్దాం."

"తీసేయండమ్మా, ఈ చెత్త నాకెందుకు?" అంటూ అందరి ముందూ రాసి సంతకం పెట్టేశాడు. పీడ వదిలినట్టు ఊపిరి పీల్చుకున్నాడు కూడా.

ధరణి సంచీ తీసుకుని ముందుకు వచ్చింది. అందులోంచి దరఖాస్తు కోసం పెట్టుకున్న పేపర్ల కట్ట తీసి ఆయన ముందు పెట్టింది.

"పెన్నుకు మూత పెట్టొద్దు సార్. ఇంకా అయిదుండాయి. అవి గూడా చదవండి."