నాన్న నిద్ర లేవకుండా

చూరు అంచున ఒక నీటిచుక్క.

వాన వెలిసి చాలాసేపైంది. చుక్క ఇంకా వేలాడుతూనే ఉంది. సాగింది… సన్నబడింది… కింద ఆకు మీద పడింది. ఆకు వంగింది. చప్పుడు లేదు.

వేలు అలా పడాలి — అనుకుంది ఆ పిల్ల.

గోడకవతల నాన్న నిద్ర. మగ్గాల మిల్లులో రాత్రంతా నిలబడి, తెల్లారి వచ్చి, ఇంత తిని పడుకునేవాడు. గోడకివతల పియానో. బడిలో సంగీతం చెప్పే పెద్దమ్మ కొత్తది కొనుక్కుని, పాతది వీళ్ళింటికి పంపింది.

నాన్నకు పగలే రాత్రి. ఆ పిల్లకు పగలే సాధన.

"మెల్లిగా! ఆయన లేచాడంటే ఇద్దరికీ ఉంటుంది," అనేది అమ్మ, గిన్నెను కూడా చప్పుడు కాకుండా దించుతూ.

మెల్లిగా. ఇంకా మెల్లిగా.

పియానో మెట్టు నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది. దాన్ని తాకీ తాకనట్టు తాకించాలి. ఒక్కో మెట్టు ఎంత లోతు దిగితే పలుకుతుందో వేళ్ళే నేర్చుకున్నాయి. పాట పొంగే చోట చేతులూ పొంగబోయేవి… గోడ గుర్తొచ్చేది… తగ్గేవి.

గురక వినిపిస్తోందా — వాయించు.

గురక ఆగిందా — వేళ్ళు గాల్లోనే.

పెద్దమ్మ ఒకరోజు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి విన్నది. తర్వాత నవ్వింది.

"వేళ్ళటే ఇవి? పిల్లి పాదాలు!"

అప్పట్నుంచి ఇంట్లో ఆ పిల్ల పేరు పిల్లి.

పిల్లి పెద్దదైంది. సంగీత కళాశాలకు వెళ్ళింది. పోటీల్లో నెగ్గింది. ఊరూరా కచేరీలు.

ఫిడేలు వాయించేవాళ్ళు తమ ఫిడేలును చంకన పెట్టుకుని వెళ్తారు. ఆమెకు ఊరికో పియానో. వెళ్ళగానే, కొత్త కోడలు వంటింట్లో డబ్బాలు వెతుక్కున్నట్టు, ఒక్కో మెట్టూ తడిమి చూసేది. ఏది బిగుసు, ఏది బొంగురు, ఏది తొందరపడుతుంది… సాయంత్రానికల్లా అది ఆమె మాట వినేది.

ఆమె మెల్లగా వాయిస్తే సభలో దగ్గులు ఆగిపోయేవి. చివరి వరసలో జనం ముందుకు వంగేవారు. పక్కవాళ్ళ చేతిగడియారం వినిపించేంత నిశ్శబ్దం — ఆ నిశ్శబ్దంలోంచి, దారం తీసినట్టు, ఒక్క స్వరం.

ఇంత మెత్తదనం ఎక్కడ నేర్చుకున్నారని అడిగేవారు.

"ఇంట్లో," అనేది.

నిజమే.

ఇప్పుడు కొత్త రచన ఒకటి. పెద్ద వాద్యబృందంతో కలిసి నాలుగైదు ఊళ్ళలో వాయించాలి. రెండో భాగం చినుకు. మూడోది కుండపోత.

మొదటి కచేరీకి ముందురోజు సాధనలో, బృందాన్ని నడిపించే పెద్దాయన మధ్యలో తాళం చూపే సన్నకర్ర దించేశాడు.

"అమ్మా, నీ రెండో భాగానికి దండం పెడతాను. మూడోది మాత్రం… ఇంతమందిమి ఇక్కడ ఊదుతూ, బాదుతూ ఉంటే నువ్వు మధ్యలో కూర్చుని మమ్మల్ని జోకొడుతున్నావు! కొట్టమ్మా, విరగదులే."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చేతులెత్తింది. బలంగానే ఎత్తింది. దిగేటప్పుడు సగంలో ఎవరో మణికట్టు పట్టుకున్నట్టు…

గోడ ఎప్పుడో వెనకబడిపోయింది. అయినా ఉంది.

"రేపూ ఇంతే అయితే, మిగతా ఊళ్ళకి ఇంకొకరిని పిలవాల్సి వస్తుంది," అన్నాడు పెద్దాయన. ఈసారి నవ్వలేదు.

మర్నాడు అమ్మా నాన్నా వచ్చారు. మిల్లు ఉద్యోగం అయిపోయి ఇప్పటికి తీరిక దొరికింది; నాన్న ఆమె కచేరీకి రావడం ఇదే మొదలు. వేదిక వెనక గదిలో, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"చిన్నప్పుడు నీకు సరిగ్గా నిద్రే లేకుండా చేశాను కదా నాన్నా."

"ఎవరన్నారే? నువ్వు వాయిస్తుంటేనే పట్టేది. ఆపావో, ఠక్కున మెలకువొచ్చేది. నువ్వు చదువుకి పోయాక కదా, పగలు కన్ను మూతపడక చచ్చాను!"

"ఇవాళ మొదటి వరసండీ. కునుకు తీసి పరువు తియ్యకండి," అంది అమ్మ.

"నేనేం పసిపిల్లాణ్ణా?"

మొదటి భాగం అయింది.

రెండో భాగం. చినుకు తర్వాత చినుకు. ఆమె ఓరగా చూసింది. నాన్న గడ్డం ఛాతీ మీదికి వాలిపోయింది. అమ్మ మోచెయ్యి లేచింది — పొడవడానికి. వద్దని ఆమె కళ్ళతోనే చెప్పింది.

సన్నగా గురక. ఆ గురక పక్కనే నడిచాయి వేళ్ళు. ఏ సభలోనూ ఇంత మెత్తగా వాయించలేదు ఆమె. ఎవరూ కదల్లేదు. పెద్దాయన కర్ర కూడా ఊపిరి బిగబట్టినట్టే కదులుతోంది.

కానీ ముందుంది మూడో భాగం. నాన్న నిద్ర మీద కుండపోత…

చివరి స్వరం. సాగింది… సన్నబడింది…

ఆగింది.

నాన్న ఠక్కున కళ్ళు తెరిచాడు.

తిన్నగా ఆమె వైపే చూశాడు. హాయిగా నిద్రపోయి లేచిన మొహం. 'ఆపేశావేమే?' అన్నట్టు.

గోడకవతల ఇప్పుడు ఎవరూ నిద్రపోవడం లేదు.

పెద్దాయన కర్ర లేచింది. ఆమె చేతులు లేచాయి. భుజాల దాకా… ఇంకా పైకి…

చూరు అంచున ఒక నీటిచుక్క.

దాని వెనక, ఆకాశం నిండా మబ్బు —