వంటింట్లో ఎవరుంటారు?

"తలుపు వేసెయ్ సుభద్రా, చల్లదనం పోతోంది."

సాయిప్రకాష్ తలెత్తకుండానే అన్నాడు. సుభద్ర రెండు చేతుల్లోనూ పొగలు కక్కే పెసరట్ల పళ్ళేలున్నాయి. మోచేత్తో తలుపు తోసుకుని వచ్చి, మడమతో మూసింది. ఈ విద్య పుట్టింటివాళ్ళు నేర్పింది కాదు, హాల్లో ఏసీ పెట్టించాక వచ్చింది.

ఆదివారం పొద్దున్న. ఆర్.కె. పురం క్వార్టర్స్ మీద జూన్ ఎండ అప్పుడే నిప్పులు చెరుగుతోంది. మారుతున్న వాతావరణం ఏ దేశాన్ని ఎలా దెబ్బ కొడుతోందో మర్నాడు ఆఫీసులో సాయిప్రకాష్ ప్రెజెంటేషన్ ఇవ్వాలి. దాన్ని ఓసారి సరిచూసుకోవడానికి పై అధికారి చెన్నకేశవులుగారినీ, కొత్తగా చేరిన వీణనీ ఇంటికి పిలిచాడు. పిలిచినప్పుడే, "మా ఆవిడ పెసరట్లు వేస్తుంది, పెనం మీంచి నేరుగా పళ్ళెంలోకే" అని మాటిచ్చేశాడు. అట్టు చల్లారితే అతనికి గొంతు దిగదు. ఒక్కొక్కటే రావాలి, వేడిగా రావాలి. కాబట్టి పోసేవాళ్ళు కూర్చోవడమన్నది ఆ ఇంట్లో లేదు.

వంటింట్లో ఫ్యాను వేస్తే గ్యాసు మంట నిలవదు. అది పాత సంగతే, సర్దుకుంది. కానీ ఏసీ తాలూకు వెనక డబ్బా, వేడిగాలి కక్కేది, వంటింటి బాల్కనీలో సరిగ్గా కిటికీకి ఎదురుగా బిగించారు. ముందు బాల్కనీలో పెట్టించకూడదా అని ఆ రోజే అడిగింది. "అక్కడ సాయంత్రం మనుషులు కూర్చుంటారు కదా. వంటింట్లో ఎవరుంటారు?" అన్నాడు. ఎగతాళికి అన్నా బాగుండును, నిజంగానే అన్నాడు. కిటికీ మూస్తే ఊపిరాడదు, తెరిస్తే ఆ గాలి మొహాన కొడుతుంది. మొన్న గురువారం అట్లకాడ చేతిలో ఉండగానే కళ్ళు బైర్లు కమ్మి, నేల మీద చతికిలబడిపోయింది. "నీళ్ళు సరిగా తాగవు నువ్వు" అన్నాడు. కాకినాడ నుంచి అత్తగారు ఫోన్లో, "మేం కట్టెల పొయ్యి ముందు వండలేదటమ్మా?" అన్నారు. ఇంకోసారి పడితే పెనం మీదే పడతానేమోనని అప్పటినుంచీ సుభద్రకు లోలోపల భయం. వేసవి చూస్తే ఇంకా బోలెడుంది.

మళ్ళీ అట్లు తీసుకుని వెళ్ళేసరికి టీవీ తెర మీద ప్రపంచ పటం ఉంది.

"యూరప్‌లో ఇళ్ళు చలికోసం కట్టుకున్నవి సార్. వేడి లోపలే ఉండిపోయి ముసలివాళ్ళు చచ్చిపోతున్నారు" అంటోంది వీణ.

"వాళ్ళు రేపు ఏసీలు పెట్టుకుంటారమ్మా. పసిఫిక్ దీవులవాళ్ళేం పెట్టుకుంటారు? సముద్రం ఇళ్ళలోకొస్తోంది" అన్నారు చెన్నకేశవులు.

"అదే సార్ నా పాయింటు!" సాయిప్రకాష్ గొంతు నిజంగానే బొంగురుపోయింది. "పొగ వదిలింది ఒకళ్ళు, ఉడికిపోతున్నది ఇంకొకళ్ళు. ఒకళ్ళ సుఖం తాలూకు వేడి ఇంకొకళ్ళ ఇంట్లో పడుతోంది. ఇది అన్యాయమని గట్టిగా చెప్పాలి సార్!"

సుభద్ర కాళ్ళు ఆగిపోయాయి. ఎంత బాగా చెప్పాడు! ఒక్క మాట పొల్లు లేదు.

"సుభద్రా, తలుపు" అన్నాడు అతను, పటం మీంచి చూపు తిప్పకుండా.

వంటింట్లోకి వచ్చి పెనం మీద ఇంకో అట్టు పోసింది. కోపం రావాలి, నవ్వొచ్చింది. దీవులెక్కడున్నాయో తెలిసిన మనిషికి వంటిల్లెక్కడుందో తెలియదు. ఇన్నాళ్ళూ తన ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుంది. నీళ్ళు తాగడం చేతకాని దాన్ననీ, ఓర్పు లేనిదాన్ననీ, అత్తగారి పాటి చెయ్యలేనిదాన్ననీ తనను తానే తిట్టుకుంది. ఒంట్లో ఏమీ లేదు. ఉన్నదంతా కిటికీ బయట గిర్రున తిరుగుతోంది! ఆ మాట తోచగానే గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. అట్టు తీసి పళ్ళెంలో పెట్టుకుంది. పక్కన అల్లం పచ్చడి వేసుకుంది. గ్యాసు కట్టేసింది.

హాల్లో ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. సాయిప్రకాష్ అలవాటుగా చెయ్యి చాచాడు.

"ఇది నాకు. పిండి గిన్నెలో ఉంది, పెనం వేడిగానే ఉంది" అంది. "ఆ డబ్బా అక్కణ్ణించి తీయించేదాకా నేను పొయ్యి ముందు నిలబడనండీ."

"ఏ డబ్బా అమ్మా?" అన్నారు చెన్నకేశవులు.

చెప్పింది. గురువారం సంగతి కూడా చెప్పింది. వీణ పటం వైపు చూసింది, సాయిప్రకాష్ వైపు చూసింది, చటుక్కున లేచింది. "నేను వేస్తాను అక్కా."

"నువ్వు కూర్చో వీణా" అంది సుభద్ర.

చెన్నకేశవులు గొంతు సవరించుకున్నారు. సాయిప్రకాష్ లేచి, వంటింటి తలుపు తెరిచి, గుమ్మంలోనే ఆగిపోయాడు. వేడి మొహానికి తగిలినట్టుంది, వెనక్కి తిరిగి చూశాడు.

సుభద్ర అట్టు తుంచి పచ్చడిలో అద్దుకుంది. మెడ మీద చెమట చల్లబడుతోంది. హాయిగా ఉంది. కాపురానికొచ్చాక వేడి అట్టు కూర్చుని తినడం ఇదే మొదలు.

"తలుపు వేసెయ్యండి" అంది మెత్తగా, "చల్లదనం పోతోంది."