వెర్నా ఇంట్లో చాట్ గది

వెర్నా లాహ్టీ అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఇంజన్లో ఏ కొత్త చప్పుడు వినిపించినా అదెక్కడినుంచో తేల్చుకునేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. అంతటి మనిషికి ఇప్పుడు సొంత తమ్ముడే అంతుపట్టడం లేదు.

తమ్ముడు రెయినో రెండు గంటల దూరంలో ఉంటాడు. మొన్నటి ఆకురాలు కాలంలో క్యాన్సరుకు ఆపరేషన్ చేసి అతని స్వరపేటిక తీసేశారు. అంతకుముందు ఇద్దరూ రోజూ ఫోన్లో పోట్లాడుకునేవారు. ఇప్పుడు ఆమె ఒక్కతే మాట్లాడుతుంది. అతను రిసీవరు మీద చెంచాతో కొడతాడు. ఒక దెబ్బ అవును, రెండు దెబ్బలు కాదు. పోనీ కాగితం మీద రాస్తాడా అంటే, భార్య ఎల్విరా భుజం మీదుగా చదివేసి వాక్యం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తుంది. దాంతో రాయడమూ మానేశాడు. క్రిస్మస్ కార్డు మీద మాత్రం నాలుగు ముక్కలు గీకాడు.

"అక్కా, నా మాట కావాలంటే నీ ఇంట్లో చాట్ సర్వరు పెట్టు. కంపెనీలు నడిపే చాట్ గదుల్లోకి నేను రాను. ఇక్కడ పెడితే ఎల్విరా ఇల్లు ఊడ్చే మిషను పెట్టడానికి దాని ప్లగ్గు పీకేస్తుంది."

రెయినో ఒకప్పుడు కాలేజీ కంప్యూటరు గదిలో పనిచేశాడు. బొమ్మలూ రంగులూ లేని, వట్టి అక్షరాల చాట్ గదుల్లోనే అతని వయసంతా గడిచింది. అది సరే. కానీ ఎవరూ చూడని గదే కావాలని ఈ పట్టుదల ఏమిటి? అంత దాచుకునే మాట వీడి దగ్గర ఏముంది? ఆ ప్రశ్న వెర్నాను పురుగులా తొలిచింది. ఎలాగైనా వాడి నోటి నుంచి, కాదు, వాడి వేళ్ళ నుంచి ఒక్క మాట రాబట్టాలి.

పక్కింటివాళ్ళు పారేయబోయిన పాత కంప్యూటరును వంటింటి బల్ల మీదకు చేర్చింది. మంచు పడ్డన్నాళ్ళూ చదివింది, తప్పులు చేసింది, యంత్రాన్ని బండబూతులు తిట్టింది. బయటివాళ్ళు లోపలికి రావడానికి ఇంటర్నెట్ పెట్టెలో దారి తెరిచింది. చివరకు సర్వరు లేచింది. గదికి పేరు పెట్టి లోపలికి వెళ్ళింది. అలాంటి గదుల్లో ముందు వచ్చినవాళ్ళదే పెత్తనం కాబట్టి ఆమె పేరు పక్కన పెద్దరికం గుర్తు పడింది. ఖాళీ గదిలో తనకు తానే "హలో" చెప్పుకుని, మురిసిపోయి, తమ్ముడికి ఫోన్ చేసి గది చిరునామా చెప్పింది.

"ఏరా, లోపలికి వచ్చావా?"

రెండు దెబ్బలు.

"చిరునామా సరిగ్గా కొట్టావా?"

ఒక దెబ్బ, గట్టిగా. నాకు చెబుతున్నావా అన్నట్టుంది.

"కోపం తర్వాత చూపిద్దువుగాని. చాలాసేపు నిలబెట్టి, ఆ తర్వాత గది దొరకలేదందా?"

రెండు.

"కొట్టగానే పొమ్మందా?"

ఒకటి.

వెర్నా కాసేపు ఆలోచించింది. వెంటనే పొమ్మందంటే వాడు గుమ్మం దాకా వచ్చినట్టే. లోపలెవరూ పలకడం లేదు. మరి తను పిలిస్తే పలికిందే! అవును మరి, తను అదే కంప్యూటరు ముందు కూర్చుంది కదా.

"ఉండరా, పెట్టేయకు," అని అమరికల ఫైలు తెరిచింది. ఎవరి పిలుపు వినాలో చెప్పే వరుస దగ్గర, సొంత యంత్రం చిరునామా ఒక్కటే ఉంది. ఇన్నాళ్ళూ సర్వరు తన గొంతు తనే వింటూ కూర్చుందన్నమాట!

"నా మొహం మండ! తలుపు తీసి, దీని చెవులు మూశానురా."

అవతల చెంచా ఆపకుండా మోగింది. వాడు నవ్వుతున్నాడు.

వరుస మార్చి సర్వరును మళ్ళీ లేపింది. కొంతసేపటికి తెర మీద రెయినో పేరు వచ్చింది. వెర్నా ఫోన్ పెట్టేసి, "వచ్చావట్రా! తిన్నావా? వాకిట్లో మంచు తీశావా?" అని గబగబా కొట్టింది.

ఆ పాత గదుల్లో కుశలప్రశ్నలుండవు, అడగవచ్చా అని అడగడమూ ఉండదు. అడగాల్సింది నేరుగా అడిగేయడమే అక్కడి ఆచారం. రెయినో అదే చేశాడు.

"ఆపరేషన్ రోజు డాక్టరు మీ ఇద్దర్నీ బయటికి పిలిచి ఏం చెప్పాడక్కా? ఎల్విరా గడ్డంతా తీసేశారంటోంది. నువ్వు చెప్పు."

వెర్నా ఫోన్లో అయితే నవ్వేసి దాటేసేది. "ఏం లేదురా" అని కొట్టింది. పంపలేదు, చెరిపేసింది. మళ్ళీ అదే కొట్టి, మళ్ళీ చెరిపింది. వీడు ఇంత గది కట్టించుకుంది దీనికోసం. ఇక్కడ కూడా అబద్ధం చెబితే వీడికిక ఎవరున్నారు?

"మొత్తం తీయలేకపోయారట. వేసవి దాకా అన్నాడు."



"అనుకున్నాను," అని వచ్చింది. కాసేపటికి మరో వరుస. "నాకు తెలిసిందని ఎల్విరాకు చెప్పకు. దానికి అబద్ధాలాడటం చేతకాదు. అయినా పాపం, నాకోసం రోజూ ఆడుతోంది."

వెర్నా ఏడుస్తూనే అక్షరాలు వెతుక్కుని, "చెప్పనురా" అని కొట్టింది.