పసుపు దారం

శైలేందర్ బీడీని విప్పి చూడడు. పిల్ల నచ్చలేదని ఇంటి దగ్గరే అనుకుని పెండ్లిచూపులకు వచ్చినవాడిలా పెదవి విరిచి, పక్కనున్న గంపలో పడేస్తాడు. సిద్దిపేటలోని ఆ బీడీ కార్ఖానాలో సరుకు చూసి తీసుకునేది అతనే. గంపలో పడ్డవి పనికిరానివి. వాటికి కూలి ఉండదు, తిరిగి ఇవ్వడమూ ఉండదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో వరుసలో నిలబడ్డ నలభైమంది ఆడవాళ్లలో ఎవరికీ తెలియదు. అమ్మల కాలం నుంచీ ఉందని మాత్రం తెలుసు.

ఆ సోమవారం చంద్రవ్వ చాటలో ఉన్నవన్నీ గంపలోకే పోయాయి. తప్పు దారానిది. బీడీ ఆకుతో పాటు కంపెనీ ఇచ్చిన ఎర్రదారం అయిపోతే, కూతురు నవత తన కుట్టుపెట్టెలోంచి పసుపు దారం తీసి కట్టింది.

"గిదేంది సారూ, పసుపు దారం కడితే బీడీ అంటుకోదా?"

"ఎర్రదే ఉండాలె. కంపెనీ రూలు."

"తాగెటోడు పొగ జూస్తడా, దారం జూస్తడా?"

"ఎక్కువ మాట్లాడితే రేపటి సంది నీకు ఆకు బంద్. జరుగు."

చంద్రవ్వ జరిగింది. జరగడంలో ఆమెకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది.

భర్త మైసయ్య మార్కెట్ యార్డులో హమాలి. వడ్లు వచ్చే రోజుల్లో పని, రాని రోజుల్లో నడుంనొప్పి. ఇల్లు నడిచేది చాట మీదే. రోజూ గంపలో పడ్డంత మళ్లీ చుట్టాలంటే ఇంకో జత చేతులు కావాలి. దసరా కాగానే "నాలుగు దినాలే బిడ్డా" అని, ఇంటర్ రెండో సంవత్సరం చదివే నవతను కూర్చోబెట్టింది. ఆ నాలుగు దినాలకు రెండు నెలలు నిండాయి. శనివారం నాటికి రాకపోతే పరీక్ష రాయనిచ్చేది లేదని కాలేజీ నుంచి ఫోను వచ్చింది. నవత ఫిజిక్స్ పుస్తకాన్ని చాట కిందికి తోసి ఆకు కత్తిరించింది.

గురువారం సాయంత్రం మైసయ్య పక్కనున్న నంగునూరు నుంచి వస్తూ బీడీకట్ట కొనుక్కొచ్చాడు. పెళ్లాం పొద్దంతా చుట్టడం, మొగుడు దుకాణంలో కొనుక్కుని తాగడం ఆ ఇంటి ఆర్థికశాస్త్రం. గడపలో కూర్చుని, చంద్రవ్వ చుట్టే కంపెనీ బొమ్మే ఉన్న పైకాగితం చించాడు.

"గా కట్ట గిటు తే," అంది చంద్రవ్వ.

"ఏందే, నువ్వు గూడ మొదలువెడ్తవా?"

కట్టలో ప్రతి బీడీకీ పసుపు దారం ఉంది.

నవత ఒకటి తీసి తిప్పి చూసింది. "అవ్వా, గివి పనికిరావన్నడు గద?"

"అమ్మనీకి పనికొచ్చినయి బిడ్డా. మనకు కూలియ్యనీకే పనికిరాలె."

"అంటే నేను కాలేజి బందువెట్టి కూసున్నది ఆని గంప నింపనీకా?"

 మైసయ్య వెలిగించబోయిన బీడీని మెల్లగా చెవి వెనక పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అంజవ్వ అరుగు మీద వాడంతా చేరింది. కట్ట చేతులు మారింది.

"ముప్పై ఏండ్ల సంది ఆ గంపల ఏసిన," అంది ముసలి అంజవ్వ. "ఏడికి పోతున్నయని ఒక్కనాడు అడగలె. నా తెలివికి దండం."

"అడిగితే బీడీ కార్డు గుంజుకుంటడు," అంది యాదలక్ష్మి. "కార్డు పోతే పింఛన్ పోతది. మా ఆయన మందులు నువ్వు తెస్తవా అక్కా?"

"ఒక్కతి అడిగితే ఒక్కదాని ఆకు బందైతది. అందరం అడిగితే?" అంది చంద్రవ్వ.

"అందరి ఆకు బందైతది!" అంది యాదలక్ష్మి.

అందరూ నవ్వారు, ఆమె తప్ప.

"అందరియి బందువెడితే కంపెనీ ఏమమ్ముతది చిన్నమ్మా?" అంది నవత. "ఎర్రదారమా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవత కుట్టుపెట్టె తెచ్చి అరుగు నడుమ పెట్టింది. చాలని దారం బజారు నుంచి వచ్చింది.

శనివారం పొద్దున శైలేందర్ మొదటి చాట చూశాడు. పసుపు. రెండోది పసుపు. పదో చాట దాకా పోయి ఆగాడు.

"గిది చంద్రవ్వ పనేనా? దాని సరుకు తీసుకోను. దానియి ఏవి?"

అంజవ్వ తన చాటను నేల మీద కుమ్మరించింది. దాని మీద ఇంకొకామె. ఆ తర్వాత అందరూ. నలభై ఇళ్ల కష్టం ఒకటే కుప్ప అయింది. ఎవరి కూలి ఎంతో విడదీసే దారి వాళ్లకే లేకుండా చేసుకున్నారు.

"ఏరుకో సారూ," అంది అంజవ్వ.

అతని చెయ్యి అలవాటుగా గంప వైపు పోయింది. గంప అక్కడ లేదు. యాదలక్ష్మి దాన్ని బోర్లించి, మీద కూర్చుని ఉంది. 

"పనికిరానిదుంటే మా ముంగట్నే ఇప్పి పారెయ్యి," అంది. "గంప ఇగ లేవది. నేను గూడ లేవ."

శైలేందర్ ఫోను తీశాడు. అవతల కంపెనీ సేటు సాయంత్రం లారీకి సరుకేదని అడుగుతున్న అరుపు అందరికీ వినిపించింది.

"కార్ఖానా మూస్తున్న! అందరు బయటికి నడువున్రి!" అంటూ అతను షట్టర్ మీద చెయ్యి వేశాడు.

ఎవరూ కదల్లేదు. చంద్రవ్వ, పుస్తకాల సంచి తగిలించుకుని పక్కన నిలబడ్డ కూతురి వైపు తిరిగింది.

"నువ్వింక గీడనే ఉన్నవేందే? ఇయ్యాల శనివారం. కాలేజికి నడు."

"గిది తెగినంక పోత అవ్వా."

"గిది ఇయ్యాల తెగేది కాదు. నువ్వు పో. నీ జాగల నేను కూసుంట."

షట్టర్ గరగరా దిగింది. చంద్రవ్వ తన ఖాళీ చాటను దాని కింద నిలబెట్టి, రెండు చేతులా పట్టింది. పక్కన అంజవ్వది. ఆ పక్కన ఇంకొకరిది. నడుమెత్తున షట్టర్ ఆగిపోయింది. శైలేందర్ ఎంత లాగినా దిగలేదు. ఆ సందులోంచి నవత వంగి, పుస్తకాల సంచితో వెలుతురులోకి వెళ్లింది.

చాటలు అట్లాగే నిలబడి ఉన్నాయి.