ఖాసిం అనని మాట

మదనపల్లెలో అశ్వినికి ఆఫీసంటూ లేదు. మేడ మీది గది, ల్యాప్‌టాప్, ఫోను, అంతే. అంగళ్లకు పేర్లు పెట్టడం, బోర్డుల మీది మాటలు రాయడం, వ్యాపారం పెంచుకునే దారి చెప్పడం ఆమె పని. ఒకప్పుడు రెండు అంగళ్ల పనికే నెలంతా సరిపోయేది. ఏఐ చేతికొచ్చాక పదింటిని ఒప్పుకుంటోంది. అది రాస్తుంది, ఈమె దిద్దుతుంది. పోనుపోను ఆ దిద్దడం కూడా తగ్గింది. పని సులువైనకొద్దీ మనిషికి కాళ్లు బరువెక్కుతాయి, అదేం చిత్రమో.

పుంగనూరులో దూది పరుపులు కుట్టే ఖాసింకు అఫ్రోజ్ ఒక్కడే కొడుకు. కుప్పంలో రెండో అంగడి తెరవబోతూ అతను అశ్వినికి పని అప్పగించాడు. గోడ మీద తండ్రి కథ రాయించాలి, అదీ తండ్రి మాటల్లోనే ఉండాలి అన్నాడు. అశ్విని ఖాసింకు ఫోను చేసింది. ఫోన్లో ఏం చెప్తాను, రామ్మా, కూర్చొని మాట్లాడుకుందాం అన్నాడాయన. శుక్రవారం వస్తానంది.

మదనపల్లె నుంచి పుంగనూరు ఏపాటి దూరం? అయినా వెళ్లలేదు. వెళ్లాలని లేనివాళ్లకు సాకులు కరువా? ఎండ ఒకటి, మిగతా అంగళ్ల తొందర ఒకటి. అఫ్రోజ్ చెప్పిన నాలుగు ముక్కలు ఏఐకి ఇచ్చి, ముసలాయన మాట్లాడినట్టే రాయమంది. అది చిటికెలో రాసిచ్చింది. అందులో ఒక వాక్యం ఆమెకే ముచ్చటేసింది: “ఏ ఇంటికి పరుపు కుట్టినా, దాని మీద నా భార్యే పడుకుంటుందనుకుని కుట్టాను.” మారు ఆలోచించకుండా పంపేసింది. తండ్రి ఫోన్లో ఇవన్నీ చెప్పాడనుకుని అఫ్రోజ్ మురిసిపోయాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు.

ఆ నెలలోనే ఖాసిం గుండెపోటుతో పోయాడు. వినగానే అశ్విని బాధపడింది. ఆ బాధ అడుగున, ఇక అడిగేవాళ్లెవరూ లేరన్న నిశ్చింత కూడా మెదిలింది. అప్పుడు అందుకు ఆమెకు సిగ్గేయలేదు.

కుప్పం అంగడి తెరిచిన రోజు గోడ నిండా ఆ వాక్యమే. వచ్చినవాళ్లు స్వీట్లు తిని వెళ్లిపోయాక, ఖాసిం భార్య ఖదీజా అశ్విని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెకు చదువు రాదు. గోడ మీదిది కొడుకే చదివి వినిపించాడట. ఆ శుక్రవారం ఖాసిం పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నువ్వొచ్చాక తింటానని అన్నం కూడా ముట్టకుండా సాయంత్రం దాకా చూశాడని చెప్పింది. రాలేదని నిన్ను తిట్టుకున్నాను, ఫోన్లోనే అన్నీ చెప్పుకున్నారని ఆయన పోయాక కొడుకు చెప్తే తెలిసింది, ఏమనుకోవద్దమ్మా అంది.

అశ్వినికి తల కొట్టేసినట్టయింది.

“మా ఇంట్లో పరుపు లేదమ్మా,” అంది ఖదీజా. “నలభై ఏండ్లూ సాప మీదనే పండుకున్యాం. ఊరందరికీ కుడతాడు, నాకొకటి కుట్టడే అని మనసులో పెట్టుకోనుంటి. ఆయప్ప లోపల ఇంత ఉండాదని నాకేం తెలుసు? నాతో ఒక్కనాడూ అనలే. నీతో అన్నాడు.”

నిజం నోటి దాకా వచ్చింది. ఎన్నాళ్ల కోపమో కరిగిపోయిన ఆ ముఖం చూసి అశ్విని దాన్ని మింగేసింది. ముసలామె మనసు ఎందుకు విరవాలి, ఇది దయ అని తనకు తాను చెప్పుకుంది. దయా లేదు, గియా లేదు. ఉత్త భయం.

“ఇంగేమి సెప్పినాడమ్మా?” అని అడిగింది ఖదీజా.

ఫోను సంచిలోనే ఉంది. ఏఐని అడగడానికి దాన్ని తీయాల్సిన పనే పడలేదు.

“మీకొక పరుపు కుట్టాలని ఉండాదన్నాడమ్మా. మంచి దూది దొరికితే కుడదామని ఇన్నాళ్లూ ఆగినానని చెప్పినాడు.”

అన్నాక తన గొంతు మీద తనకే అసహ్యమేసింది. గోడ మీది అబద్ధం ఏఐదని సర్దిచెప్పుకోవడానికైనా ఉండింది. ఇది అచ్చంగా తన సొంతం.

ఖదీజా కొంగుతో కళ్లొత్తుకుని, గల్లాపెట్టె దగ్గరున్న కొడుకును పిలిచింది. “అఫ్రోజూ, ఈడ కూకో. మీ నాయన ఏమన్నాడో విందువు.” మళ్లీ ఇటు తిరిగింది. “మొదట్నించీ సెప్పమ్మా.”

అఫ్రోజ్ వచ్చి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. అశ్విని తల వంచుకుని మళ్లీ మొదలుపెట్టింది.